పిన్నిగారి ఫోనూ, కుర్రాళ్ళ పాటలూ

2002 ఏప్రిల్ 1న మన దేశంలో ఇంటర్నెట్ ఫోనుకు అనుమతి వచ్చింది. ఆ వేసవిలోనే తెనాలిలోని నా నెట్ సెంటరుకు రెండు హెడ్‌సెట్లు కొన్నాను. ఆరు కంప్యూటర్లు, అన్నిటికీ కలిపి సెకనుకు 64 కిలోబిట్ల లైను ఒకటే. ఆదివారం పొద్దున్నే అమెరికాలో కొడుకున్న ఒక పిన్నిగారు వచ్చి కూర్చునేవారు. పక్క సిస్టం మీద కాలేజీ కుర్రాళ్ళు పాటలు దించుకుంటూ ఉండేవారు.

"నాయనా, మావాడి మాట సగం మింగేస్తోంది నీ డబ్బా" అనేవారావిడ.

"ఒక్క పది నిమిషాలు ఆపండర్రా" అని నేను కేకేస్తే, "మేమివ్వట్లేదా అన్నా గంటకు ఇరవై?" అనేవాళ్ళు వాళ్ళు.

ఆ తగవు నా కొట్లో పుట్టింది కాదని చాలా ఏళ్ళకు తెలిసింది. 1974 ఆగస్టులోనే డానీ కోహెన్ బృందం కాలిఫోర్నియాకూ మసాచుసెట్స్‌లోని లింకన్ ల్యాబ్‌కూ మధ్య, ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్ మీద మాటలు నడిపింది. తగవల్లా ఇదే: ఆలస్యమైనా ఫైలులో ఒక్క అక్షరం పోకూడదు. మాటలో చిన్న ముక్క పోయినా చెవి సర్దుకుంటుంది, ఆలస్యాన్ని మాత్రం ఓర్చుకోదు. ముక్కలను గమ్యానికి చేర్చే ఐపీని 1978లో, పోయినవాటిని మళ్ళీ పంపే టీసీపీ నుంచి విడదీయడానికి ఈ తేడా కూడా ఒక కారణం. 1980లో మాటలకు యూడీపీ అనే వేరే బండి దొరికింది.

1986 అక్టోబరులో ఇంటర్నెట్ దారే మూసుకుపోయింది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. సెకనుకు 32,000 బిట్లు నడిచే చోట 40కి పడిపోయింది. అవతలికి చేరలేదనుకుని పంపిందే మళ్ళీ పంపడంతో రద్దీ మీద రద్దీ. 1988లో వాన్ జాకబ్సన్, మైక్ కారెల్స్ టీసీపీకి కొత్త నడవడి నేర్పారు: ముక్క పోయిందంటే దారి నిండిందని అర్థం, వెంటనే తగ్గు, తర్వాత మెల్లగా పెంచుకో. అందరూ ఇలా కొద్దికొద్దిగా పెంచుకుని, దామాషాలో తగ్గించుకుంటే వాటాలు సమానమవుతూ వస్తాయని 1989లో చియు, రాజ్ జైన్ లెక్కగట్టి చూపారు.

మాటకు ఆ పద్ధతి కుదరదు. గొంతును అంకెలుగా మార్చే జీ.711 కోడెక్‌నే తీసుకోండి. 20 మిల్లీసెకన్లకో ముక్క, అందులో 160 బైట్ల గొంతు, దానిపైన 40 బైట్ల చిరునామాల బరువు. అంటే సెకనుకు 80 కిలోబిట్లు, దారి ఖాళీగా ఉన్నా కిక్కిరిసినా అంతే. ఫైలు మర్యాదగా వెనక్కి తగ్గుతుంటే ఫోను దూసుకుపోతుంది. ఇలాంటి కాల్స్ బాగా పెరిగితే 1986 మళ్ళీ రావచ్చని శాలీ ఫ్లాయిడ్, జేమ్స్ కెంఫ్ 2004లో ఒక పత్రంలో హెచ్చరించారు. వాళ్ళ సలహా కటువైనదే: ముక్కలు పోవడం ఎంతకీ ఆగకపోతే కోడెక్ వేగం తగ్గించు, తగ్గే వీలు లేకపోతే కాల్ పెట్టేయ్.

పిన్నిగారికి నేను ఆ మాట ఎలా చెప్పను? పైగా నా కొట్లో దెబ్బ తింటున్నది ఫైలు కాదు, ఆవిడే. మా ఫోను సాఫ్ట్‌వేరు గొంతును బాగా కుదించి పంపేది కాబట్టి చోటు చాలేది. తంటా అంతా వరసలో నిలబడడంతోనే. పాట తాలూకు 1,500 బైట్ల ముక్క ఒకటి నా లైను దాటడానికి దాదాపు 190 మిల్లీసెకన్లు పట్టేది. మాట ఒకవైపు చేరడానికి 150 దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ అంటుంది. పాట ముక్కలు పది ముందుంటే కొడుకు "అమ్మా" అన్న పిలుపు రెండు సెకన్లు ఆగిపోయేది. ఆవిడ అడిగింది పెద్ద వాటా కాదు, కాస్త ముందు చోటు.

ఆ పూట డౌన్‌లోడ్ ఆపిన కుర్రాళ్ళకు నేను అయిదు రూపాయలు తగ్గించేవాణ్ణి. అదే న్యాయమనుకున్నాను. 2007లో బాబ్ బ్రిస్కో అనే ఇంజనీరు ఒక వ్యాసం రాశాడు. అందరికీ సమాన వేగం ఇవ్వడం న్యాయం కాదట. ఎవరు ఎంత రద్దీ తెచ్చి ఇతరులకు ఎంత అడ్డమయ్యారో, లెక్క దాని మీద కట్టాలట. ఆ లెక్కన తగ్గించాల్సింది పిన్నిగారి బిల్లు. ఆవిడేమో ప్రతి ఆదివారం పూర్తి ఇరవై ఇచ్చి, పోయే ముందు కుర్రాళ్ళ చేతుల్లో తలో చక్కిలం పెట్టి వెళ్ళేవారు.