మజూర్ మహాజన్: నూరేళ్ల ఘనత, తీరని బాకీ

గుజరాత్‌లో రెక్కల కష్టం మీద బతికే తెలుగువాళ్లం కార్మికోద్యమం గురించి మాట్లాడుకోవాలంటే ముందుగా అహ్మదాబాద్ మిల్లు కార్మికుల సంఘం మజూర్ మహాజన్‌కు నమస్కరించాలి. 1917లో ప్లేగు వచ్చినప్పుడు కార్మికులు ఊరు విడిచిపోకుండా మిల్లు యజమానులు బోనసు ఇచ్చారు. జబ్బు తగ్గుముఖం పట్టగానే దాన్ని ఎత్తేశారు. ధరలు మండిపోతున్న రోజులవి. కార్మికులు 50 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 శాతానికి మించి ఇవ్వమన్నారు. గాంధీజీ లెక్కలన్నీ చూసి 35 శాతం న్యాయమని తేల్చారు. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయి నిలబడితే, కార్మికుల పక్షాన ఆయన సొంత అక్క అనసూయా బెన్ నిలబడ్డారు. ఆకలికి తాళలేక కార్మికుల పట్టు సడలుతున్న వేళ, 1918 మార్చి 15న గాంధీజీ నిరాహార దీక్షకు కూర్చున్నారు. 18న రాజీ కుదిరింది. చివరికి మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ 35 శాతమే ఖాయం చేశారు. ఆ పోరాటం వేసిన పునాది మీదే 1920లో మజూర్ మహాజన్ ఏర్పడింది. శంకర్‌లాల్ బ్యాంకర్, గుల్జారీలాల్ నందా, ఖండూభాయి దేశాయి, శ్యామ్‌ప్రసాద్ వసావడా, అరవింద్ బుచ్, ఇలా భట్ వంటి వారు దానికి తమ జీవితాలను ధారపోశారు. వారి పేర్లు తలచుకోవడం మన విధి. ఆ తర్వాతి దశాబ్దాలు చర్చలతో, ఒప్పందాలతో, సంక్షేమ పనులతో సాగిపోయాయి.

ఇంతటి సంస్థ పునాదిలోనే ఒక లోటు ఉండిపోయింది. మిల్లులో కులాన్ని బట్టి పని దొరికేది. దళితులను వడుకు ఖాతాకే పరిమితం చేసి, నేత ఖాతాలోకి రానిచ్చేవారు కాదు. దానికి చెప్పిన కారణం నాడె (షటిల్). కండె మార్చినప్పుడల్లా నేతగాడు నాడె కంతకు నోరు ఆనించి, ఊపిరితో పోగును బయటికి లాగాలి. పక్కవాడి ఎంగిలి అంటుతుందని మిగతావారు ఒప్పుకునేవారు కాదు. నేతలో కూలి ఎక్కువ, కాబట్టి ఆ ఎంగిలి పట్టింపు దళితుడి జీతాన్నే కోసింది. మజూర్ మహాజన్ శాఖల వారీగా సంఘాలు పెట్టుకుంది గానీ ఆ గోడను కూల్చలేదు. బొంబాయి మిల్లుల్లోనూ ఇదే తీరు. 1928 సమ్మె కాలంలో డాక్టర్ అంబేద్కర్ ఈ ప్రశ్నను సమ్మె నాయకుల ముందే పెట్టారు. 1981లో అహ్మదాబాద్‌లో రిజర్వేషన్ వ్యతిరేక అల్లర్లు చెలరేగినప్పుడు ఇలా భట్ దళితుల పక్షాన మాట్లాడారు. 1972లో మజూర్ మహాజన్ నీడన ఆమె నాయకత్వంలో పుట్టిన మహిళల సంఘం ‘సేవ’ను 1981లోనే ఆ ఇంటి నుంచి బయటికి పంపేశారు. బయటికి వెళ్లిన ‘సేవ’ బీడీలు చుట్టేవారిని, తోపుడు బండ్లవారిని, ఇంట్లో కుట్టుపని చేసేవారిని కూడగట్టి లక్షల సభ్యులతో ఎదిగింది. మజూర్ మహాజన్ మాత్రం మిల్లులతో పాటే కుంగిపోయింది. సామాజిక న్యాయాన్ని చేపట్టిన సంఘం పెరుగుతుంది, పక్కన పెట్టిన సంఘం తరుగుతుంది అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కులం మాట ఎత్తితే కార్మికుల ఐక్యత చెడుతుందని కొందరి అభ్యంతరం. ఐక్యతను చెడగొట్టింది ఆ మాట ఎత్తినవారు కాదు, దళితుడిని నేత ఖాతా గడప బయట నిలబెట్టిన కట్టుబాటు. అసలు మన దేశంలో మిల్లు కార్మికుల తొలి సంఘమే సామాజిక ఉద్యమంలోంచి వచ్చింది. ఆ సంఘం పెట్టిన, ఫూలే అనుచరుడైన నారాయణ మేఘాజీ లోఖండే 1884లో 5,500 మంది సంతకాలు సేకరించి, 1890 జూన్ నాటికి బొంబాయి మిల్లుల్లో వారానికో సెలవు సాధించారు. ఆయన పనిచేసిన ఫూలే సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగూ, నర్సింగరావు వడ్నాల, వ్యంకూ కాళేవార్ వంటి తెలుగువారున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో వీరి పేర్లు కనబడకపోవడం బాధాకరం.

ఇక మన సూరత్ సంగతి. సంఘాల వల్లే మిల్లులు మూతపడ్డాయనే మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. కానీ పెద్ద మిల్లుల పని చిన్న చిన్న సాంచాల (మరమగ్గాల) ఖాతాలకు తరలిపోవడం 1982 బొంబాయి సమ్మెకు ముందే మొదలైంది. తక్కువ కూలి, చట్టం కంట పడని షెడ్డు, ఇవే ఆ తరలింపుకు కారణం. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ చట్టం వర్తించేది. అందుకే ఒకే కప్పు కింద నడిచే ఖాతాను కాగితాల మీద ముక్కలు చేస్తూ వచ్చారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కోడ్ ఆ హద్దును ఇరవైకి పెంచింది. సాంచాల మీద పన్నెండు గంటల పాళీ, మీటరు లెక్కన కూలి. బరంపురం చుట్టుపక్కల నుంచి వచ్చిన ఒడియావాళ్లూ, తెలంగాణ నుంచి వచ్చిన మనవాళ్లూ ఒకే చప్పుడులో పనిచేస్తున్నా, నూరేళ్ల సంఘం వీరి గడప తొక్కింది లేదు. ఇది నింద కాదు, మనసులో ఎన్నాళ్లుగానో ఉన్న బాధ.

మజూర్ మహాజన్‌కు నూరేళ్లు నిండిన 2020లోనే సాంచాల కార్మికులకు సంఘం లేని లోటు బయటపడింది. లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాయి, కూలి ఆగిపోయింది. రేషన్ కార్డు సొంతూళ్లో, ఆకలి ఇక్కడ. మే 4న సూరత్ దగ్గర్లోని వరేలీలో ఇంటికి పంపమంటూ రోడ్డెక్కిన కార్మికుల మీద బాష్పవాయువు ప్రయోగించారు. వలస కార్మికులను నమోదు చేయాలని 1979 నాటి చట్టం అప్పటికే ఉంది. అది సరిగ్గా అమలై ఉంటే ఎవరు ఎక్కడివారో, ఎవరికి ఎంత బియ్యం పంపాలో లెక్క ముందే ఉండేది. అదే ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం పనిగంటలు పన్నెండుకు పెంచుతూ, అదనపు గంటలకు రెట్టింపు కూలి అక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చింది. గుజరాత్ మజ్దూర్ సభ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్టోబరు 1న ఆ ఉత్తర్వును కోర్టు కొట్టేసింది. సంఘం అనేది ఉంటే ఏం చేయగలదో ఆ తీర్పు చూపించింది.

మన కుల సంఘాలు చాలవా అని అడిగేవారున్నారు. పెళ్లికీ చావుకీ అవి ఆదుకుంటున్నాయి, వాటికి రుణపడి ఉన్నాం. కానీ యజమానీ కూలీ ఒకే సమాజంలో సభ్యులైనప్పుడు మీటరు రేటు గురించి ఆ సభలో ఎవరు నోరెత్తగలరు? రేటు అడగాలంటే తెలుగువాడూ, ఒడియావాడూ, యూపీవాడూ, ఇంట్లో చీరల మీద రాళ్లు అతికే ఆడపడుచూ ఒకే పట్టీలో పేరు రాయించుకోవాలి. పాళీ దిగిన ప్రతి అన్నకూ, అక్కకూ ఈ ప్రత్యేక సంచిక ద్వారా ఒకటే విన్నపం: కులం చూడకుండా, భాష చూడకుండా కార్మిక సంఘంలో చేరండి, పక్క సాంచా మీది మనిషినీ చేర్పించండి. పెద్దలు మిల్లు గేటు దగ్గర ఆపేసిన పనిని సాంచాల షెడ్డు దాకా తీసుకురావడమే వారికి మనం చేయగల అసలైన నివాళి.