షరాబు

నాణేల సేకరణలో అందరూ మాట వినే నిపుణుణ్ణి ఏమనాలి? మనకు షరాబు ఉన్నాడు. అరబ్బీలో డబ్బు మార్చేవాడు సర్రాఫ్. పారశీ, ఉర్దూల మీదుగా వచ్చి తెలుగులో షరాబయ్యాడు. ఇంగ్లీషువాళ్లకు ష్రాఫ్.

నిజాం రాజ్యంలో చెల్లింది హాలీ సిక్కా. జనగామలో, మానుకోటలో రైలెక్కి బెజవాడ వెళ్తే బ్రిటిష్ ఇండియా రూపాయి, అంటే కల్దారు, కావాల్సి వచ్చేది: 7 హాలీలకు 6 కల్దార్లు. ఆ మార్పిడి షరాబుది. రూపాయిని మోగించి విని, తూచి, మంచిదో చెడ్డదో తేల్చేవాడు. అతని మాటే బజారుకు ప్రమాణం. 1959లో హాలీ చెలామణీ ఆగింది. షరాబు అనే మాట ఎక్కువగా ఇంటిపేర్లలో మిగిలింది.

తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన ప్రాచీన నాణేలపై గోబద, సమగోప వంటి రాజుల పేర్లు చదివి చరిత్రకు అందించిన శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రిగారు, నా లెక్కలో, గొప్ప షరాబు. ఇలాంటివారిని ఆ పేరుతోనే పిలవాలి.