ఉప్పెన తరువాత మిగిలిన భయం: కృష్ణా డెల్టాలో ఆందోళన, చికిత్సల చరిత్ర

1. ఉపోద్ఘాతం

కృష్ణా డెల్టా చరిత్ర అనగానే మీకు 1855లో పూర్తయిన ఆనకట్ట, 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, పచ్చని వరిచేలు గుర్తుకు వస్తాయి. అయితే నీరు ఈ నేలకు అన్నం పెట్టింది, ప్రాణాలూ తీసింది. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో 10 వేల మందికి పైగా మరణించారు. చనిపోయినవారి సంఖ్య చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. బతికినవారి మనసులో మిగిలిన భయానికి లెక్క దొరకదు. ఆ భయాన్ని సమాజం ఏ పేరుతో పిలిచింది, దానికి ఏ వైద్యం చేసింది అన్నదే ఈ పాఠంలో మనం పరిశీలించే అంశం.

2. భయం, ఆందోళన

ముందుగా ఈ రెండింటి తేడా తెలుసుకుందాం. ఎదుట ఉన్న ప్రమాదానికి కలిగేది భయం. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి జోరందుకుంటుంది, కండరాలు బిగుస్తాయి. పారిపోవడానికో ఎదుర్కోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. ప్రమాదం లేనప్పుడు కూడా, లేదా రాబోయేదాన్ని ఊహించుకుని, ఇదే స్థితి కొనసాగితే అది ఆందోళన. పరీక్ష ముందు కాస్త ఆందోళన అందరికీ సహజమే. అది నెలల తరబడి నిద్రను, చదువును, పనిని దెబ్బతీస్తుంటే రుగ్మతగా భావించాలి.

భయం ఎలా పనికివస్తుందో 1990 మే తుపాను చూపింది. మే 9న అది కృష్ణా ముఖద్వారం ప్రాంతంలో తీరం దాటింది. 1977 అనుభవంతో ఈసారి హెచ్చరికలు ముందే అందాయి. లక్షన్నర మందికి పైగా సురక్షిత ప్రాంతాలకు తరలించారు. సుమారు వెయ్యి మంది మరణించినా, 1977తో పోలిస్తే ప్రాణనష్టం ఎన్నో రెట్లు తగ్గింది. సమాచారం, వెళ్లడానికి చోటు ఉన్నప్పుడు భయం మనిషిని కాపాడుతుంది. అవి లేనప్పుడు, లేదా ప్రమాదం గడిచాక కూడా వదలనప్పుడు, అదే భయం మనిషిని కుంగదీస్తుంది.

3. జడుపు నుంచి రుగ్మత దాకా

మన పల్లెల్లో ఈ స్థితికి పేర్లు లేకపోలేదు. జడుసుకున్నాడు, గాలి సోకింది, గుండె దడ, బెంగ పెట్టుకుంది అనేవారు. దిష్టి తీసేవారు, తాయెత్తు కట్టేవారు. ఈ ఆచారాల వైద్యపు విలువ ఎలా ఉన్నా, బాధ నిజమైనదని ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారనడానికి అవి ఆధారాలు.

వైద్యశాస్త్రంలో ఆందోళనను ఒక ప్రత్యేక వ్యాధిగా 1895లో సిగ్మండ్ ఫ్రాయిడ్ విడదీసి చూపాడు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వర్గీకరణ గ్రంథం మూడవ కూర్పులో సాధారణ ఆందోళన రుగ్మత, పానిక్ రుగ్మతలను వేరుచేసింది. ఘోర విపత్తును చూసినవారిలో మిగిలిపోయే మానసిక గాయానికి కూడా అందులోనే గుర్తింపు లభించింది. తేదీలను గమనించండి: ఆ పేరు దివిసీమ ఉప్పెన జరిగిన మూడేళ్లకు గాని రాలేదు. 1977లో సహాయం అంటే శవసంస్కారం, తిండి, బట్ట, మందు, ఇల్లు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి సినీనటులు జోలె పట్టి విరాళాలు సేకరించారు. స్వచ్ఛంద సంస్థలు ఇళ్లు కట్టించాయి. ఆ సేవ గొప్పదే. కాని మనసుకు తగిలిన గాయాన్ని చూడవలసిన బాధ్యత ఏ శాఖకూ అప్పగించబడలేదు.

4. చికిత్సా పద్ధతులు

ఈలోగా చికిత్సలు పెరుగుతూ వచ్చాయి. 1929లో ఎడ్మండ్ జాకబ్సన్ కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే విశ్రాంతి పద్ధతిని గ్రంథస్థం చేశాడు. 1958లో జోసెఫ్ వోల్పే భయపెట్టే విషయాన్ని మెట్టుమెట్టుగా ఎదుర్కొనే పద్ధతిని వివరించాడు. ఉదాహరణకు నీళ్లంటే వణికే మనిషి మొదట కాలువను ఊహించుకుంటాడు, తరువాత దూరం నుంచి చూస్తాడు, ఆపైన గట్టు మీద నడుస్తాడు. 1960లలో ఆరన్ బెక్ ఆలోచనా సరళిని పరీక్షించే చికిత్సను రూపొందించాడు. 'మబ్బు పట్టింది, మళ్లీ అంతా పోతుంది' అన్న తలంపుకు రుజువేమిటి, ఇంకో వివరణ ఉందా అని రోగి తనను తాను ప్రశ్నించుకోవడం నేర్చుకుంటాడు. ఈ రెండు ధోరణుల కలయికే నేటి సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స. ఆందోళనకు బాగా పరీక్షకు నిలిచిన చికిత్సల్లో ఇదొకటి.

మందుల విషయానికి వస్తే, 1960లలో డయాజిపామ్ వంటివి విస్తరించాయి. అవి త్వరగా పనిచేస్తాయి, అలవాటుగానూ మారతాయి. నేడు వైద్యులు ఎక్కువగా ముందుగా ఇచ్చే మందులు మరో తరగతివి. వాటి ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఏ మందైనా వైద్యుని సలహాతోనే మొదలుపెట్టాలి, ఆపాలి.

5. చట్టాలు, సేవలు

1912 నాటి ఉన్మాద చట్టం దృష్టి రోగిని నిర్బంధించడంపైనే ఉండేది. మన ప్రాంతంలో ప్రత్యేక ప్రభుత్వ మానసిక వైద్యశాలలు విశాఖపట్నంలో, హైదరాబాదు ఎర్రగడ్డలో ఉండేవి. దివిసీమ రైతుకూలీకి రెండూ దూరమే. వైద్యాన్ని జనం దగ్గరికి చేర్చాలన్న ఆశయంతో 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా కార్యక్రమం ప్రారంభమయ్యాయి. 2017 చట్టం మానసిక వైద్యం పొందడాన్ని హక్కుగా ప్రకటించింది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ సేవ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ వంటి కాలనీలు మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించి రికార్డు వరద వచ్చింది. అంటే ఈ చరిత్ర ముగిసిపోలేదు. వరద తగ్గాక ఇంట్లో బురద కడుగుతారు. వాన చప్పుడుకు ఉలిక్కిపడే పిల్లవాడి సంగతి కూడా చూడాలి. ఇందుకు 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మానసిక ప్రథమ చికిత్సకు డిగ్రీలు అక్కరలేదు: అవసరం గమనించడం, బలవంతపెట్టకుండా వినడం, తగిన సహాయంతో కలపడం.

6. సారాంశం

డెల్టాలో భయం పాతదే. దానికి పేరు, చికిత్స, హక్కు మాత్రం ఒకదాని తరువాత ఒకటిగా, ఆలస్యంగా వచ్చాయి. 1977లో బతికినవారికి అందనిది నేడు మీకు అందుబాటులో ఉంది. ఆందోళన పిరికితనం కాదు, చికిత్సకు లొంగే స్థితి. మీలోగాని, మీ ఇంట్లోగాని అది కొన్ని వారాలకు మించి రోజువారీ జీవితాన్ని అడ్డుకుంటుంటే సహాయం కోరండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే వారాలు ఆగకండి, ఆ రోజే మాట్లాడండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1977, 1990 తుపానులను పోల్చి, భయం ఎప్పుడు మేలు చేస్తుందో వివరించండి.
2. మెట్టుమెట్టుగా ఎదుర్కొనే పద్ధతిని మీకు తెలిసిన ఒక భయానికి అన్వయించి రాయండి.
3. మీ ఊరి పెద్దలు వరద లేదా తుపాను తరువాతి రోజులను ఎలా గుర్తుచేసుకుంటారో అడిగి, వారు వాడిన మాటలను నమోదు చేయండి. చెప్పడం ఇష్టంలేనివారిని ఒత్తిడి చేయకండి.