కొలబద్దే వంకరైతే

మా అమ్మమ్మకి 80 దాటాయి. ఆవిడ పాటల్ని మంచి మైకుతో రికార్డు చేద్దామని, పోయిన సంక్రాంతికి నేనే ఒక చిన్న ప్రీయాంప్ కట్టుకుని ఊరికి తీసుకెళ్ళాను. మెల్లగా పాడినంతసేపూ బాగానే ఉంది. గొంతు పైకి లేచిన ప్రతిచోటా మాత్రం చిరిగిన స్పీకరులా ఒకటే బరబర. ఆ సంగతి తిరిగొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక గానీ తెలియలేదు. వృత్తి సాఫ్ట్‌వేర్ కాబట్టి ముందు ప్రోగ్రాములతోనే బాగుచెయ్యబోయాను. తెగిపోయిన తరంగాన్ని అవి తిరిగి తేలేవు, ఊహించి అతికిస్తాయంతే.

ఇలా పాడైపోయే ధ్వనితో వందేళ్ళ క్రితం పెద్ద చిక్కే వచ్చింది. 1920లలో అమెరికాలో దూరపు టెలిఫోన్ లైన్లలో మాట దారిలోనే నీరసించేది. అందుకని మధ్యమధ్య వాక్యూమ్ ట్యూబ్ యాంప్లిఫయర్లు పెట్టేవాళ్ళు. ఒక్కొక్కటీ మాటను పెంచుతూనే కాస్త పాడుచేసేది. ఒక్కదానితో నష్టం లేదు గానీ, వరసగా చాలా దాటేసరికి ఆ కాస్తా పోగుపడేది.

ట్యూబుల్నే మెరుగుపరచాలని అందరూ చూశారు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే 29 ఏళ్ళ హెరాల్డ్ బ్లాక్ 1927 ఆగస్టు 2 ఉదయం ఫెర్రీలో హడ్సన్ నది దాటి ఆఫీసుకి వెళ్తూ, చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీద ఒక బొమ్మా, కొన్ని సమీకరణాలూ రాసుకున్నాడు. అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి ఇన్‌పుట్ నుంచి తీసెయ్యడం, అదీ ఆలోచన. పెంపులో చాలా భాగం పోతుంది, కానీ దాదాపు అదే నిష్పత్తిలో వక్రతా తగ్గుతుంది. కష్టపడి సంపాదించిన పెంపుని చేజేతులా పారబొయ్యడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. 1928లో దరఖాస్తు చేసిన పేటెంటు 1937 డిసెంబరులో గానీ చేతికి రాలేదు.

ఇంజనీరింగ్‌లో ఈ సమీకరణం రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఇందులో అసలు విశేషం ఇప్పటికి అర్థమైంది. బ్లాక్ ట్యూబుని బాగుచెయ్యలేదు. బాధ్యతని దాని మీంచి తీసి వెనక్కొచ్చే దారి మీద పెట్టాడు. ఆ దారిలో ఉండేవి మామూలు రెసిస్టర్లు, కెపాసిటర్లు. అవే కొలబద్ద. యాంప్లిఫయర్ ఆ కొలబద్దతో చూసుకుని తన తప్పు తనే దిద్దుకుంటుంది.

నా ప్రీయాంప్‌లో ఐసీ కూడా అంతే. లక్షకు పైగా పెంచగలదు, ఫీడ్‌బ్యాక్‌తో దాన్ని వందకి కట్టడి చేశాను. బరబర రాగానే ఐసీనే అనుమానించి మార్చాను. లాభం లేదు. మైకూ మార్చాను, అయినా అంతే. చివరికి మల్టీమీటర్ తీశాను. 9 వోల్టుల బ్యాటరీ మీద, శబ్దం లేనప్పుడు అవుట్‌పుట్ సగం దగ్గర, అంటే 4.5 దగ్గర నిలబడాలి. 7 చూపించింది. ఇక పైకి వెళ్ళడానికి చోటేదీ? గొంతు పెరిగినప్పుడల్లా అలల తలలు తెగిపోతున్నాయి.

కారణం ఫీడ్‌బ్యాక్ దారిలోనే ఉంది. అక్కడి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ని ప్లస్, మైనస్ తిరగేసి టంకం వేశాను. డీసీని ఆపాల్సింది కాస్తా కారిపోనిస్తోంది. ఐసీ తప్పేమీ లేదు. నేనిచ్చిన వంకర కొలబద్దకి బుద్ధిగా సర్దుకుందంతే. కొత్త కెపాసిటర్ సరిగ్గా పెడితే 4.5కి వచ్చేసింది.

ఉగాదికి మళ్ళీ వెళ్ళాను. అమ్మమ్మ పాడింది, శుభ్రంగా వచ్చింది. కానీ సంక్రాంతి రాత్రి పాడిన ఒక పాటలో చివరి చరణం ఎంతకీ గుర్తు రాలేదావిడకి. బ్లాక్ ఉపాయం తప్పుని జరుగుతుండగానే దిద్దుతుంది, జరిగిపోయాక ఏమీ చెయ్యలేదు. ఆ బరబర ఫైలుని మాత్రం నేను చెరపలేదు. ఆ చరణం ఇప్పుడు ఉన్నది అందులోనే.