తొలి మోటారుబండియు, కొండదారియు



సాలూరును లారీల ఊరని పిలుచుట మీరెఱిగినదే. వేగావతి యొడ్డున నున్న ఆ పట్టణము దాటి కొరాపుట్టు వైపు పోవు బాట కొండ నెక్కి సుంకి చేరును. ఆ యెత్తుపై బరువు లాగలేక మూలుగు లారీని వినునప్పుడెల్ల నాకు జర్మనీ దేశపు కథ యొకటి జ్ఞప్తికి వచ్చును. దానిని నేడు మీకు మనవి చేసెదను.

కార్ల్ బెంజి 1844లో జన్మించెను. తండ్రి రైలింజను నడుపువాడు. కుమారునకు రెండేండ్లు నిండకమునుపే ఆయన గతించెను. తల్లి కష్టించి చదివించెను. బెంజి మన్‌హైము నగరమున ఇంజనుల కర్మాగారము పెట్టి, 1886 జనవరి 29న తన మోటారుబండికి పేటెంటు కోరెను. దాని సంఖ్య 37435.

ఆ బండికి మూడే చక్రములు. నాలుగు చక్రముల బండి మలుపు తిరుగునపుడు ముందుచక్రములు రెండును ఒకే తీరున తిరుగరాదు. లోపలిది హెచ్చుగా తిరుగవలెను. ఆ చిక్కు అప్పటి కాయనకు విడలేదు. కనుక ముందొక చక్రమే యుంచెను. చిక్కు విడిన పిదప 1893లో నాలుగు చక్రముల బండిని వెలువరించెను. వెనుకచక్రముల సంగతి వేఱు. కళ్లములో నూర్పునకు కట్టిన యెడ్లను చూడుడు. నడిమి రాట చెంత నున్నది కొద్ది యడుగులే వేయును, వెలుపలిది పరుగిడును. అట్లే వెనుకచక్రములు రెండును వేర్వేఱు వేగముల తిరుగునట్లు పండ్లచక్రముల నమర్చెను. ఇంజనునకు ఒకే సిలిండరు. బలము ముప్పాతిక గుఱ్ఱపుశక్తి. నిలువుగా నున్న బరువుచక్రము బండిని మలుపు తిరుగనీయదేమో యని శంకించి, దానిని కుమ్మరి సారెవలె అడ్డముగా నుంచెను. బండి గంటకు పది మైళ్లు పోయెడిది.

ఇంత చేసినను కొనువారు ముందునకు రాలేదు. అప్పుడు ఆయన భార్య బెర్తా పూనుకొనెను. ఆ కర్మాగారము నిలుచుటకు ఆమె పుట్టింటి సొమ్మే తోడ్పడి యుండెను. 1888 ఆగస్టులో నొక వేకువను, భర్తకు చెప్పకయే, ఇద్దరు కొడుకులతో బండి నెక్కి, సుమారు 65 మైళ్ల దూరమున నున్న పుట్టినూరు ఫోర్ట్స్‌హైమునకు బయలుదేఱెను. త్రోవలో నూనె తఱుగగా మందుల అంగడిలో కొనెను. గొట్టము పూడుకొనగా టోపీ సూదితో పొడిచి తెఱచెను. ఎత్తు వచ్చినచోట పిల్లలు దిగి బండిని త్రోసిరి. పల్లము వచ్చినచోట కొయ్య బ్రేకులు అరిగిపోగా, చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను.

ఇంటికి మరలివచ్చి చెప్పిన మాటలను బెంజి పెడచెవిని పెట్టలేదు. ఎత్తు లెక్కుటకై బలము హెచ్చించు చిన్న గేరు నొకటి చేర్చెను. కర్మాగారమున కానరాని కొఱత కొండదారిని బయటపడెను. దానిని కనుగొన్నది నడిపినవారు.

తరువాతి కథ త్వరగా చెప్పెదను. బెంజి కర్మాగారము 1923లో డీసెలు లారీని సిద్ధపఱచెను. 1926లో అది డైమ్లరు వారి సంస్థతో ఏకమయ్యెను. ఆ సంస్థ తోడ్పాటుతో టాటావారు 1954లో జంషెడ్పురమున లారీలు చేయ మొదలిడిరి. ఆ పొత్తు 1969 వఱకు సాగెను. నాటి లారీల ముఖమున మూడుకొనల నక్షత్రమును చూచిన పెద్దలు మీలో ననేకు లుందురు.

కావున సాలూరు మేస్త్రీలును, డ్రైవర్లును ఈ చరిత్రకు పరాయివారు కారు. దారిలో బండి నిలిచినపుడు చేతనున్న దానితోనే ఉపాయము పన్నువారందఱు బెర్తమ్మ బాట నడచువారే. ఒక్క మనవి. కొందఱు డ్రైవర్లు నూనె మిగులునని ఘాటు దిగునపుడు గేరు తీసివేసి బండిని జాఱవిడుతురు. అప్పుడు బరువంతయు బ్రేకులపైననే పడును. అవి కాగి పట్టు విడచినచో ప్రాణములే పోవును. ఏ గేరున ఎక్కితిమో ఆ గేరుననే దిగవలెను. మీ ఇండ్లలో స్టీరింగు పట్టు బిడ్డలకు ఈ మాట మీరు చెప్పినచో వారు విందురు.