గిల్‌బ్రెత్ గారి థీసిస్, నా అప్లికేషను

తొమ్మిదేళ్ళు కోడు రాశాక, అమెరికాలో ఇండస్ట్రియల్-ఆర్గనైజేషనల్ సైకాలజీ పీహెచ్‌డీకి అప్లై చేద్దామని కూర్చున్నా. మంచి కోడర్‌ని లీడ్ చెయ్యగానే మా టీమంతా ఎందుకు చెదిరిపోయిందన్నది నన్నొదలని ప్రశ్న. తీరా స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయా. డిగ్రీలో సైకాలజీ లేదు, వయసు చూస్తే ముప్ఫై దాటింది.

ఈ దారిలో ముందు నడిచినవాళ్ళెవరా అని వెతికితే లిలియన్ గిల్‌బ్రెత్ తగిలారు. 1902లో బర్క్లీలో ఆవిడ చేసిన ఎం.ఏ. సాహిత్యంలో! టైలర్ స్టాప్‌వాచ్ పట్టుకుని పనిని కొలుస్తున్న రోజుల్లో, పనిచేసే మనిషి మనసునీ చూడాలంటూ థీసిస్ రాశారు. కాంపస్‌లో ఏడాది ఉండాలన్న రూలు చూపి బర్క్లీ పీహెచ్‌డీ ఇవ్వలేదు. ఇంట్లో పిల్లలు, కాపురం దేశానికి ఆ చివర. ఆ థీసిసే 1914లో పుస్తకంగా వచ్చింది. రాసింది ఆడమనిషని తెలియకుండా పేరు ఎల్.ఎం. గిల్‌బ్రెత్ అని వేశారు.

ఆవిడ ఊరుకోలేదు. ఇంకో థీసిస్ రాసి 1915లో బ్రౌన్ యూనివర్సిటీ డాక్టరేట్ తీసుకున్నారు. అప్పటికి 37 ఏళ్ళు.

రూలు మారలేదు, ఆవిడే రెండోసారి రాశారు. నేనింకా మొదటిదే రాయలేదు కదా! ఇవాళ ఆ వాక్యం దొరికింది: మా టీమ్ చెదిరిన రోజుతోనే మొదలుపెడుతున్నా.