పెండ్లికొడుకు, పెండ్లికూతురు: శబ్దార్థవిచారము

క్రొత్తగా వివాహమైన స్త్రీపురుషులను తెలుగువారు పెండ్లికూతురు, పెండ్లికొడుకు అని వ్యవహరింతురు. ఈ సమాసములందలి ఉత్తరపదములు విచారింపదగినవి. వరుడు ఎవని కొడుకు? ‘పెండ్లియొక్క కొడుకు’ అని విగ్రహము చెప్పినచో అర్థము పొసగదు. ‘పెండ్లియగుచున్న మన కొడుకు’ అని తల్లిదండ్రుల పరముగా సమర్థింపబూనినను చాలదు. ఏలయన, వధువు పక్షమువారును, దారిన పోవువారును అతనిని ఆ మాటతోనే పేర్కొందురు. కావున ఇచట కొడుకు శబ్దమునకు పుత్రార్థముకంటె ప్రాచీనమైన వేఱొక అర్థ ముండియుండవలెను.

పూర్వపదమున చిక్కు లేదు. పెండ్లి శబ్దము స్త్రీవాచకమైన ‘పెణ్’ అను ద్రావిడమూలమునకు చెందినది. తమిళమున పెణ్, తెలుగున పెంటి, పెండ్లము ఆ కుదురులోనివే. సంస్కృతమున దంపతి శబ్దము మార్గము వేఱు. వేదభాషలో ‘దమ్’ గృహవాచకము. దంపతి యనగా గృహపతి. ద్వివచనమున అది భార్యాభర్తలను చెప్పును. ఆ మాట ఇంటిని ఆధారముగా గొన్నది. వయస్సునుగాని క్రొత్తదనమునుగాని చెప్పదు. అందుకే ‘నవదంపతులు’ అని విశేషణము చేర్పవలసి వచ్చెను.

ఉత్తరపదముల మర్మము తెలియుటకు మా ప్రాంతపు ఎల్లలే తోడ్పడుచున్నవి. చిత్తూరు జిల్లాలోని కుప్పము చెంత తెలుగు, తమిళ, కన్నడములు మూడును కలియును. వరుని, వధువును తమిళులు మణమగన్, మణమగళ్ అందురు. కన్నడిగులు మదుమగ, మదుమగళు అందురు. మగన్, మగ యనగా కొడుకు. మగళ్, మగళు అనగా కూతురు. మూడు భాషలును ఒకే అచ్చున సమాసమును కట్టినవి. దీనిని కేవలము తెలుగు నుడికారమని త్రోసిపుచ్చ వీలులేదు.

ఈ ‘మగ’ శబ్దమే మనకు సాక్షి. తమిళమున మగన్ అనగా కొడుకు మాత్రమే కాదు; పురుషుడు, భర్త అను అర్థములును కలవు. కన్నడమున మగు అనగా శిశువు. అదే మూలము తెలుగున మగ, మగడు అని నిలిచి పురుషుని, భర్తను చెప్పుచున్నది. పుత్రార్థము తెలుగున మిగులలేదు. ఒకే మూలము శిశువును, పుత్రుని, పురుషుని, భర్తను చెప్పుటచే, పడుచుదనమును తెలుపు మాట బంధుత్వవాచకముగా స్థిరపడునని తేలుచున్నది.

కొడుకు శబ్దము కథయు నిట్టిదే. రేనాటి చోడుల శాసనములందు కనుపట్టు ఴకారము తరువాతి తెలుగున లుప్తమైనది. తమిళపు కోఴి, ఏఴు మనకు కోడి, ఏడు అయినవి. హల్లుతో కూడినచోట అది రేఫ మయ్యెను: తమిళమున కీఴ్, పఴ, తెలుగున క్రింద, ప్రాత. తమిళమున కొఴుందు అనగా లేతచిగురు. లేతదనమును తెలుపు ఈ కుదురునకే కొడుకు, కోడలు, క్రొత్త అను మూడు మాటలును చెందునని ద్రావిడభాషావేత్తలు తలంతురు. బస్తరు ప్రాంతపు పర్జీ భాషలో కోడలు శబ్దమునకు సజాతీయమైన పదము పెండ్లికూతురినే చెప్పును. కావున పెండ్లికొడుకనగా వివాహ మాడు పడుచువాడనియు, కూతురు శబ్దము దానికి జతగా కుదిరినదనియు నా యభిప్రాయము. ‘క్రొత్తకోడలు’ అన్నప్పుడు తెలియకయే ఒకే ధాతువును రెండుమారు లుచ్చరించుచున్నాము.

తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) అలమేలుమంగను పెండ్లికూతురని కీర్తించెను. జగన్మాతను కూతురనుట యెట్లని శంకింప నక్కఱలేదు. ఆ మాట పుత్రికాత్వమును చెప్పదు. పెండ్లినాటి నవత్వమును చెప్పును. తిరుమలలో నిత్యకల్యాణోత్సవ మందుకొను దంపతులకు ఆ పేరు ఎన్నటికిని చెల్లును. మానవదంపతులకు మాత్రము అది కొన్నాళ్ళ ముచ్చట. పిదప పెండ్లికూతురను మాట జాఱిపోవును, కోడలను మాట నిలుచును. తల నెరసిన ముదుసలియైనను ఆమె ఆ యింటి కోడలే. లేజిగురని అర్థ మిచ్చు ఆ పేరును ఆమె కడదాక మోయుచుండును.